శాతం పక్కన పిల్లల్ని కూడా రాయండి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల టీచర్ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 28 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్‌ని. ఇప్పటికీ సాయంత్రాలు మా వీధిలో పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయిస్తుంటాను. మీతో ముఖాముఖి మాట్లాడే అవకాశం నాలాంటివాళ్లకు దొరకదు కాబట్టి ఈ ఉత్తరాన్ని అందరి ముందూ రాస్తున్నాను.

పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు మా ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ప్రతి జంక్షన్‌లో ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీలు లేస్తాయి. టీవీలో జిల్లాల శాతాలు తిరుగుతుంటాయి. కొద్ది రోజులకు ప్రభుత్వ బడుల హెడ్మాస్టర్లకు కబురొస్తుంది, రివ్యూ మీటింగ్‌కు రమ్మని. ఒక ఏడాది మా హెచ్‌ఎం గారితో పాటు నేనూ వెళ్లాల్సి వచ్చింది, మా బడిలో లెక్కల్లోనే ఎక్కువమంది తప్పారు కాబట్టి. అది ఏ బడో, ఎవరు పెట్టిన మీటింగో రాయను. ఎవరినో నిందించడానికి కాదు నేనీ ఉత్తరం రాస్తున్నది.

ప్రొజెక్టర్ తెర మీద బడుల పేర్లు, వాటికెదురుగా శాతాలు. అడుగున ఎర్ర రంగులో ఉన్న బడులవాళ్లు లేచి నిలబడాలి. మేం నిలబడ్డాం. "పక్క బడికి వచ్చినప్పుడు మీకెందుకు రాదు?" అని అడిగారు. ఆ పక్క బడి మాకు మూడు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. అదే సిలబస్, అవే పుస్తకాలు, అదే మధ్యాహ్న భోజనం. కాబట్టి తేడా టీచర్లలోనే ఉండాలని ఆ గదిలో కూర్చున్నవాళ్లకు అనిపించడం సహజం. నా చేతిసంచిలో మా అడ్మిషన్ రిజిస్టర్ పేజీల జిరాక్సులున్నాయి. జవాబు వాటిలో ఉంది. తీసి చూపించే వీలు కలగలేదు. అది ఇప్పుడు మీకు చూపిస్తాను.

అడ్మిషన్ రిజిస్టర్‌ను బడి బయటివాళ్లు పెద్దగా చూడరు. పొడుగాటి పుస్తకం, మూలలు నలిగిన అట్ట. ఒక్కో పిల్లకు అడ్డంగా ఒక వరస: పేరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, తండ్రి వృత్తి, ఇంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, వెళ్లిపోయిన తేదీ. మా రిజిస్టర్‌లో తండ్రి వృత్తి గడి నిండా ఒకటే మాట: కూలి. కింద అదే, అదే అని చుక్కలు. ఆ ఒక్క మాట వెనక ఫిషింగ్ హార్బర్‌లో ఐసు గడ్డలు మోసేవాడున్నాడు, ఆటోనగర్‌లో లేతు మెషీన్ దగ్గర హెల్పరున్నాడు, మధురవాడలో పెంట్‌హౌస్‌కు సెంట్రింగ్ కొట్టేవాడున్నాడు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాపురముండే వాచ్‌మన్ ఉన్నాడు. అసలు తండ్రే లేక, నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లి ఉంది. మాతృభాష గడిలో అందరికీ తెలుగే. ఒడిశాలోని రాయగడ నుంచి, కొరాపుట్ నుంచి వచ్చిన పిల్లలకూ తెలుగే. జూన్‌లో రద్దీలో రాస్తూపోతారు, ఎవరూ అడగరు.

పక్క బడి రిజిస్టర్ కూడా నేను చూశాను, అక్కడ కొన్నాళ్లు డెప్యుటేషన్ మీద చేశాను కాబట్టి. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఆరో తరగతిలో చేరి పదో తరగతి దాకా అక్కడే ఉన్నారు. చాలామంది తండ్రులకు సొంత ఆటో, చిన్న దుకాణం, పోర్టులో కాంట్రాక్టు పని, అంటే నెలనెలా ఎంతో కొంత చేతికొచ్చే బతుకు. సొంతిల్లో, కనీసం ఏళ్ల తరబడి మారని అద్దె ఇల్లో ఉంది. మా బడిలో పదో తరగతి సెక్షన్‌లో సగం దాకా ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మధ్యలో వచ్చినవాళ్లు. రెండూ పేదపిల్లల బడులే. కానీ ఒకే ఇంట్లో ఉండి పేదగా ఉండటం వేరు, ఏడాదికో ఇల్లు మారుతూ పేదగా ఉండటం వేరు. మీ తెర మీద ఈ తేడాకు గడి లేదు.

ఒక అమ్మాయి గురించి చెబుతాను. తొమ్మిదో తరగతి సగంలో, నవంబర్‌లో వచ్చింది. నాన్న వాచ్‌మన్. పెందుర్తి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పని పోతే మా వైపు ఇంకొకటి దొరికింది. టీసీ రావడానికి నెల పైన పట్టింది. ఇంట్లో ఒడియా, స్నేహితులతో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మొదటి వారం ఆ పిల్ల నోటితో ఏదీ చెప్పలేదు, మొద్దు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. ఒకరోజు తల్లికి ఒంట్లో బాగోలేదంటే చూడటానికి వాళ్లు ఉండే సెల్లార్‌కు వెళ్లాను. నీళ్ల మోటారు స్విచ్‌బోర్డు కింద చిన్న బల్ల, దాని మీద నాన్న లెక్కల పుస్తకం. ఏ రోజు ఎన్ని ట్యాంకర్లొచ్చాయి, ఒక్కో ఫ్లాట్‌కు ఎంత పడింది, ఎవరు ఇచ్చారు, ఎవరు బాకీ. ఆ రాత ఆ పిల్లది. ఇరవై ఫ్లాట్లకు నెల లెక్క తేల్చి, కింద గీత గీసి, మొత్తం వేసింది. ఒక్క కొట్టివేత లేదు.

అదే పిల్లకు పరీక్షలో "ఒక సంఖ్య ఇంకొక సంఖ్య కంటే ఐదు ఎక్కువ" అన్న ప్రశ్న ఇంగ్లిష్‌లో వస్తే, ఎక్సీడ్స్ అన్న మాట దగ్గర ఆగిపోయింది. లెక్క రాక కాదు. ఆ మాట నేను చెప్పగానే పెన్సిల్ కదిలింది. ద్విభాషా పుస్తకాలు మంచి పని, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు. కానీ ఆ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. 2025 మార్చి పరీక్షలకు రాష్ట్రంలో 5.64 లక్షల మంది ఇంగ్లిష్ మీడియంలో పేరు ఇచ్చారు, తెలుగు మీడియంలో 51 వేల మంది. ఇంగ్లిష్ వద్దని నేననను. ఆ తల్లిదండ్రులు కోరుకున్నదే అది. ఇంగ్లిష్‌లో రాసే ఆ లక్షల మందిలో ఇంట్లో తెలుగు కూడా లేనివాళ్లు ఎంతమందో లెక్కించి, వాళ్ల దగ్గరకు ఒక టీచర్‌ని పంపాలనే అడుగుతున్నాను.

భిన్నాలు కూడడం రాకుండా వచ్చిన ఆ అమ్మాయి పదో తరగతి సగం దాటేసరికి వర్గ సమీకరణాలు చేస్తోంది. జనవరిలో అపార్ట్‌మెంట్ వాళ్లు వాచ్‌మన్‌ని మార్చారు. మళ్లీ ఊరికి ఆ చివర. పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, అంటే నామినల్ రోల్స్, అప్పటికే వెళ్లిపోయాయి కాబట్టి హాల్ టికెట్ మా బడి పేరు మీదే వచ్చింది. రోజూ రెండు బస్సులు మారి పరీక్ష రాసింది. లెక్కల్లో 31 వచ్చాయి. 35 రావాలి. మా బడి ఖాతాలో ఒక ఫెయిల్.

అదే ఏడాది మా సెక్షన్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, మత్స్యకారుల పేట నుంచి. స్పెషల్ క్లాసులో ముందు బెంచీలోనే నిద్రపోయేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి తల్లితో హార్బర్‌కు వెళ్లి, వేలంపాటలో కొన్న చేపల గంపలు ఆటో దాకా మోసి, స్నానం చేసి బడికి వచ్చేవాడు. చేపల వాసన వస్తోందని పక్కవాళ్లు జరిగి కూర్చుంటే నేను వాణ్ని నా కుర్చీ పక్కకు తెచ్చుకున్నాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు రాకపోతే ఇంటికెళ్లి అడిగాను. "బోటు మీద మనిసి తక్కువైతే ఆడు ఏటకెళ్ళిపోనాడు టీచరమ్మా. ఏటి సేత్తాం" అంది తల్లి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. పదో తరగతి పరీక్షలు మార్చిలో. అంటే ఆ పేటల్లో ఇంటిల్లిపాదికీ పని గట్టిగా ఉండే రోజుల్లోనే పరీక్షలూ పడతాయి. పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టుకునే మనం ఈ సంగతి ఒక్కసారి కూడా చూడలేదు. పరీక్ష తేదీ మార్చమని కాదు. ఆ పేటల బడుల్లో స్పెషల్ క్లాసులు ఉదయం పూట కాక సాయంత్రం పెట్టుకునే స్వేచ్ఛ హెచ్‌ఎంకు ఉంటే చాలు. పైనుంచి వచ్చిన టైంటేబుల్‌లో ఉదయం అని ఉంది, కాబట్టి ఉదయమే పెట్టాం.

ఆ అబ్బాయికి లెక్కల్లో 38 వచ్చాయి, పాసయ్యాడు. ఎలా పాసయ్యాడో చెప్పాలి. పరీక్షకు నలభై రోజుల ముందు వాడికి నేను లెక్కలు చెప్పడం మానేశాను. గ్రాఫు వేయడం, ఒక నిర్మాణం, మళ్లీ మళ్లీ వచ్చే ఒక మార్కు ప్రశ్నలు, ఇవే రోజూ చేయించాను. త్రిభుజం ఎందుకు సరూపమో వాడికి తెలియదు, కంపాస్ ఎక్కడ పెట్టాలో తెలుసు. బడి శాతం నిలబెట్టడానికి నేను చేసిన పని అది. ఆ మర్నాటి నుంచి వాడి చదువుకు అది పనికిరాదని నాకు తెలుసు. ఇంటర్‌లో చేరి కొన్ని నెలలకే మానేశాడు.

31 వచ్చిన అమ్మాయికి నేను లెక్కలు నేర్పాను. 38 వచ్చిన అబ్బాయికి నేర్పలేదు. తెర మీద మాత్రం ఆ అమ్మాయి నా వైఫల్యం, ఆ అబ్బాయి నా విజయం. మంత్రి గారూ, నా మనసులోని మాట ఇదే. మనం కొలుస్తున్న కొలత తప్పు దారి చూపిస్తోంది. టీచర్లను కూడా ఆ దారిలోనే నడిపిస్తోంది.

పేదరికాన్ని సాకుగా చూపే మనిషిని కాదు నేను. "ఆ పిల్లలకు అంతే వస్తుందమ్మా" అనే టీచర్లను చూశాను, వాళ్లతో పోట్లాడాను కూడా. పార్వతీపురం మన్యం జిల్లాను చూడండి. కొండ ఊళ్లు, గిరిజన పిల్లలు. 2023లో, 2024లో, 2025లో వరసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానం ఆ జిల్లాదే. 2025లో 93.90 శాతం. అదే ఏడాది అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివరన ఉంది. అక్కడా కొండలే, అక్కడా గిరిజన పిల్లలే. పుట్టుకే మార్కుల్ని నిర్ణయిస్తుందనేవాళ్ల నోరు మూయించడానికి ఈ రెండు అంకెలు చాలు. కానీ మన్యం ఏం చేసిందో మిగతావాళ్లు నేర్చుకోవాలంటే ఒట్టి శాతం చాలదు. అక్కడ హాస్టల్‌లో ఉండి చదివినవాళ్లెందరు, ఆరు నుంచి పది దాకా ఒకే బడిలో నిలిచినవాళ్లెందరు, ఒక్కో సబ్జెక్టుకు పూర్తికాలం టీచర్ ఉన్న బడులెన్ని, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా తెలిసేది.

జిల్లాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2022 ఏప్రిల్ 4న మా పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. ఏజెన్సీ అంతా అల్లూరి జిల్లాలోకి పోయింది, పల్లెలు చాలావరకు అనకాపల్లి జిల్లాలోకి పోయాయి. మాకు మిగిలింది దాదాపుగా నగరం. ఆ ఏడాది తర్వాత విశాఖ శాతాన్ని పాత విశాఖ శాతంతో పోల్చి మెచ్చుకున్నా, తిట్టినా రెండూ తప్పే. మేం చెప్పే పాఠం మారలేదు, లెక్కలోకి వచ్చే పిల్లలు మారారు. రాష్ట్రం మొత్తం శాతమైనా అంతే: 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో పంతొమ్మిది శాతం తెలివి పెరిగి, మరుసటి ఏడే ఐదు శాతం తగ్గిందని ఏ టీచరూ నమ్మదు. కరోనా నాటి చదువు దెబ్బ, పేపర్ల సంఖ్య మారడం, సిలబస్ మారడం, అన్నీ అందులో కలిసి ఉన్నాయి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా కష్టమైన సంగతి. శాతం పెంచడానికి అన్నింటికన్నా సులువైన దారి చదువు చెప్పడం కాదు, తప్పుతారనుకున్న పిల్లల్ని పదో తరగతి దాకా రానివ్వకపోవడం. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా, పద్నాలుగేళ్ల దాకా పిల్లను కాపాడుతుంది. టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదని అందులో ఉంది. తొమ్మిదిలోకి వచ్చాక ఆ రక్షణ లేదు. సరిగ్గా అక్కడే తల్లిదండ్రుల్ని పిలిచి మెల్లగా చెబుతారు: "మీవాడికి రెగ్యులర్ కష్టం, టీసీ తీసుకుని ఓపెన్ టెన్త్‌కు కట్టించండి." చదువు మీద అవగాహన లేని తండ్రి చేతులు జోడించి మరీ టీసీ తీసుకెళ్తాడు. నేను పనిచేసిన చోట ఇది జరిగింది. ఒకసారి ఆ గదిలో నేనూ ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ ఏడాది మా శాతం పెరిగింది, మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. ఆ పిల్లలు ఏ తెర మీదా లేరు.

అందుకని మీకు నా విన్నపం. వచ్చే ఫలితాల నుంచి ప్రతి ప్రభుత్వ బడి పేరుకెదురుగా ఉత్తీర్ణత శాతంతో పాటు ఇంకో మూడు అంకెలు వేయించండి: ఐదేళ్ల కింద ఆరో తరగతిలో చేరినవాళ్లెందరు, వాళ్లలో పదో తరగతి పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్లెందరు, మధ్యలో వచ్చి చేరినవాళ్లెందరు. ఇది కొత్త సర్వే కాదు, పైసా ఖర్చు లేదు. ప్రతి ఏడాది యూడైస్ కోసం, అంటే దేశమంతా బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ లెక్క కోసం, పిల్లల లింగం, సామాజిక వర్గం, వైకల్యం వివరాలతో సహా మేమే రాత్రిళ్లు కూర్చుని ఎక్కించిన సమాచారమే. అడ్మిషన్ల వివరాలు ఆధార్‌తో సహా అన్నీ మీ సర్వర్‌లో ఉన్నాయి. ఎక్కించడం వరకే మా చేత చేయించి, తిరిగి మాకు పనికొచ్చేలా ఎవరూ ఇవ్వడం లేదు. పిల్లల పేర్లు, కులాలు బయట పెట్టమని కాదు, బడి మొత్తానికి సంఖ్యలు చాలు.

ఆరో తరగతిలో చేరిన నెలలోపు చదవడం, రాయడం, నాలుగు ప్రక్రియలు ఎంతవరకు వచ్చో చూసి ఆ మార్కును దాచి ఉంచండి. పదో తరగతిలో ఆ పిల్లను ఆ మార్కుతోనే పోల్చండి. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. టీచర్‌ని తిట్టాలన్నా, సన్మానించాలన్నా దాన్ని బట్టి చేయండి, తలవంచుకుని ఒప్పుకుంటాం.

పోస్టుల సంగతి. టీచర్ పోస్టుల సర్దుబాటు మీద వచ్చిన జీవో 117 పోయింది, సంతోషం. టీచర్ల నియామకాల మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు భర్తీకి పెట్టారు, అది ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన పని. కానీ ఇప్పటికీ పోస్టు లెక్క పిల్లల తలల్ని బట్టే. మధ్యలో వచ్చినవాళ్లు, ఇంట్లో వేరే భాష ఉన్నవాళ్లు ఎక్కువగా ఉన్న బడికి ఇంకో టీచర్ అదనంగా కావాలి. ఒడియా తెలిసిన విద్యా వాలంటీర్ ఒకరు ఆ చుట్టుపక్కల నాలుగైదు బడులకు తిరిగినా ఎంతో మేలు. నేను పైన చెప్పిన ఆ అమ్మాయికి నవంబర్ నుంచి జనవరి దాకా రోజుకు అరగంట అలాంటివాళ్లు దొరికి ఉంటే ఆ నాలుగు మార్కులు ఒక లెక్కా?

ఇంకొకటి ఒప్పుకోవాలి. నా ఇద్దరు పిల్లల్నీ ప్రైవేటు స్కూల్లోనే చదివించాను. మా స్టాఫ్‌రూమ్‌లో దాదాపు అందరిదీ అదే కథ. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనులతో మా బడికి మంచి టాయిలెట్లు, బల్లలు, రంగులు వచ్చాయి, అయినా మా గేటు ముందు నుంచి ప్రైవేటు బస్సులు నిండుగానే పోయేవి. నిలకడగా ఉన్న ఇళ్ల పిల్లలు ఒక్కొక్కరే తప్పుకుంటే బడిలో మిగిలేది ఎవరో మీకు తెలుసు. వాళ్ల శాతాన్ని ఫ్లెక్సీల శాతంతో పోల్చి "ప్రభుత్వ బడి పనికిరాదు" అంటే ఇంకో పదిమంది తప్పుకుంటారు. ఆ మాట అనడం ఆగాలంటే అసలు లెక్క జనం ముందు పెట్టాలి. మీరు తప్ప ఆ లెక్క పెట్టగలిగేవాళ్లు లేరు.

మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో విశాఖ వచ్చే పని ఉంటే ఏదో ఒక బడిలో, ముందుగా చెప్పకుండా, అడ్మిషన్ల బల్ల దగ్గర గంటసేపు కూర్చోండి. మాతృభాష గడి వచ్చినప్పుడు రాసేవాళ్లను ఒక్క క్షణం ఆగమని, ఆ పిల్లను మీరే అడగండి, ఇంట్లో ఏం మాట్లాడతావమ్మా అని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
విశాఖపట్నం